సూదిమందుతో నేరపరిశోధనా?

ఏ ఊళ్లో ఘోరం జరిగినా, నిందితుడు నోరు మెదపడం లేదని పోలీసులు చెప్పిన మర్నాటికల్లా ఒక మాట మొదలవుతుంది: ‘నార్కో చేయిస్తే నిజం దానంతటదే బయటికొస్తుంది’. టీవీ చర్చల్లో రిటైరైన అధికారులు ఈ మాటే అంటారు. రాజకీయ నాయకులు దమ్ముంటే నార్కోకు రమ్మని ఒకరికొకరు సవాళ్లు విసురుకుంటారు. అద్దంకి బస్టాండు దగ్గర టీ తాగుతూ పేపరు తిరగేసే మామూలు మనిషిదీ అదే తీర్పు. వాళ్ల కోపంలో నిజాయితీ ఉంది. ఒక ఆడపిల్ల ప్రాణం పోయి ఏళ్లు గడిచినా హంతకుడెవరో తేలకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటను నేను తక్కువ చేయను. కానీ ఆ కోపం ఎంచుకున్న దారి తప్పు. ఒప్పుకోని మనిషి నరంలోకి మత్తుమందు ఎక్కించి మాటలు రాబట్టే అధికారం మన రాజ్యాంగం ఏ పోలీసుకూ ఇవ్వలేదు, ఏ మేజిస్ట్రేటుకూ ఇవ్వలేదు. ఆ హద్దు వల్లే నేరస్తులు తప్పించుకుంటున్నారన్న వాదనను ఇక్కడ ఖండిస్తున్నాను. ఆ హద్దు చెరిగిన చోటల్లా అసలు నేరస్తుడు మరింత దూరం పోయాడని మన తెలుగునాట జరిగిన కేసులే చెబుతున్నాయి.

ముందు ఆ గదిలో జరిగేదేమిటో చూద్దాం. మనిషిని ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టి చేతికి డెక్స్‌ట్రోజ్ సెలైన్ పెడతారు. దాంతోపాటు సోడియం పెంటథాల్ అనే మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఆపరేషన్‌కు ముందు రోగిని నిద్రపుచ్చడానికి డాక్టర్లు దశాబ్దాల పాటు వాడిన మందు ఇది. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, ఆగిపోనూ వచ్చు. అందుకే మత్తు డాక్టరు పక్కనే నిలబడి నాడి, బీపీ, శ్వాస చూస్తూ ఉంటాడు. పూర్తిగా నిద్రపోతే మాట రాదు. పూర్తిగా మెలకువగా ఉంటే మాట మీద అదుపు పోదు. ఈ రెండింటి నడుమ, రెప్పలు వాలిపోతూ, నాలుక మొద్దుబారి, పిలిస్తే పలికే స్థితిలో మనిషిని ఉంచి సైకాలజిస్టు ప్రశ్నలు వేస్తాడు. ఏం అడగాలో దర్యాప్తు అధికారులతో మాట్లాడుకున్నాకే ఆ ప్రశ్నలు తయారవుతాయి. జవాబు తేలకపోతే మాట మార్చి మళ్లీ అడుగుతారు. కెమెరా నడుస్తూనే ఉంటుంది. మెలకువ వచ్చాక తానేమన్నాడో ఆ మనిషికి సరిగా గుర్తుండకపోవచ్చు. ఆ స్థితిలో జరిగింది, జరిగిందని ఊహించుకున్నది, స్టేషన్లో నాలుగు రోజులుగా చెవిలో పోసింది అన్నీ కలగలిసి ఒకే గొంతుతో వస్తాయి. ప్రశ్నలోనే జవాబు దాచి అడిగితే దానికి తలూపే గుణం ఆ మత్తులో పెరుగుతుంది. మందు అతని అదుపును తీసేస్తుంది. నిజానికీ అబద్ధానికీ తేడా అది చూపించలేదు. యార్డులో బస్తా కోసి మిర్చి మచ్చు చూసినట్టు మనిషి మనసును కోసి చూడవచ్చనుకోవడం వైద్యం తెలియని భ్రమ.

ఈ భ్రమకు వందేళ్ల వయసుంది. 1922లో అమెరికాలోని టెక్సాస్‌లో రాబర్ట్ హౌస్ అనే కాన్పుల డాక్టరు, పురిటి నొప్పులకు ఇచ్చే స్కొపొలమైన్ మత్తులో తల్లులు అడిగినవాటికి చక్కగా జవాబులు చెప్పడం చూసి, ఆ మందును డాలస్ జైల్లో ఇద్దరు ఖైదీల మీద ప్రయోగించాడు. నిర్దోషులను కాపాడటానికి అది పనికొస్తుందన్నది ఆయన ఆశ. పోలీసుల చేతికొచ్చేసరికి ఆ ఆశ తలకిందులైంది. 1963లో అదే దేశపు సుప్రీంకోర్టు టౌన్‌సెండ్ కేసులో, అలాంటి గుణమున్న మందు ప్రభావంలో ఇచ్చిన ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదని, అది సాక్ష్యంగా చెల్లదని తేల్చింది. ఆ మందిచ్చిన పోలీసు డాక్టరుకు ఒప్పుకోలు రాబట్టే ఉద్దేశం లేకపోయినా సరే చెల్లదంది. అక్కడ వాళ్లు పక్కన పెట్టేసిన పద్ధతిని మనం 2000 తర్వాత కొత్త సైన్సు పేరుతో నెత్తికెత్తుకున్నాం. బెంగళూరు, గాంధీనగర్ ల్యాబుల ముందు నిందితులు వరుస కట్టారు. మద్రాసు, బొంబాయి హైకోర్టులు దీనికి పచ్చజెండా ఊపాయి. మత్తులో మాట్లాడుతున్న మనుషుల వీడియోలు చానళ్లలో ప్రసారమయ్యాయి. కోర్టులో చెల్లని మాట ఇళ్లలో మాత్రం తీర్పుగా చెల్లిపోయింది.

2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో ఈ వ్యవహారానికి అడ్డుకట్ట వేసింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, న్యాయమూర్తులు ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పంచాల్‌లతో కూడిన ధర్మాసనం నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ ఈ మూడింటినీ మనిషి ఇష్టానికి విరుద్ధంగా చేయరాదని చెప్పింది. రెండు అధికరణాలు దానికి పునాది. నేరారోపణ ఎదుర్కొంటున్న ఏ వ్యక్తినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమివ్వాలని బలవంతపెట్టరాదంటుంది 20(3). చట్టం ప్రకారం న్యాయమైన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తి స్వేచ్ఛనూ హరించరాదంటుంది 21. ఈ రక్షణ కోర్టు బోనులో నిలబడ్డాకే మొదలవుతుందని కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. 1978లోనే నందినీ శతపథి కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ పొరపాటు సరిదిద్దారు. పోలీస్ స్టేషన్‌లో ప్రశ్నించే దశ నుంచే మౌనంగా ఉండే హక్కు ఉందనీ, బలవంతమంటే దెబ్బలే కానక్కర్లేదు, మానసికంగా నలగ్గొట్టినా బలవంతమేననీ ఆ తీర్పు అంది. ఇక సూది విషయం చెప్పేదేముంది? దెబ్బలు తింటున్న మనిషికి పళ్లు బిగించి ఓర్చుకునే అవకాశం ఒకటి మిగిలి ఉంటుంది. సూది ఆ అవకాశాన్ని కూడా లాగేసుకుంటుంది. మాట్లాడాలా వద్దా అని నిర్ణయించుకునే శక్తినే అది ముందుగా చంపుతుంది. మౌనహక్కు ఉండేదే ఆ శక్తిలో. దాన్ని తీసేశాక పక్కన ఎందరు డాక్టర్లున్నా, ఎన్ని కెమెరాలున్నా హక్కు మిగలదు.

వేలిముద్రలు తీసుకోవచ్చు, రక్తం తీయవచ్చు, డీఎన్ఏకు ఎంగిలి తీసుకోవచ్చు, అప్పుడు లేని అభ్యంతరం దీనికెందుకన్నది చాలామంది అడిగే ప్రశ్న. దీనికి 1961లోనే సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం కాఠీ కాలూ కేసులో జవాబిచ్చింది. వేలిముద్ర, చేతిరాత నమూనా మనిషి గురించిన భౌతిక వాస్తవాలు. వాటిని ఇవ్వడం తనపై తాను సాక్ష్యం చెప్పడం కాదు. తనకు మాత్రమే తెలిసిన విషయాన్ని మనసులోంచి తీసి చెప్పించడం వేరు. వేలిముద్రకు ప్రశ్న వేయలేం, దాన్ని భయపెట్టలేం. నిందితుడు ఏడ్చినా నవ్వినా గీతలు మారవు. మత్తులో ఉన్నవాడి మాట మాత్రం అడిగేవాడిని బట్టి, అడిగే తీరును బట్టి మారుతుంది. 2005లో నేర ప్రక్రియా స్మృతిని సవరిస్తూ వైద్య పరీక్షల నిర్వచనంలో రక్తం, వీర్యం, వెంట్రుకలు, డీఎన్ఏ అని రాసి చివర ‘ఇతర పరీక్షలు’ అని కలిపారు. నార్కో ఆ ఇతర పరీక్షల కిందికి వస్తుందని ప్రభుత్వాలు వాదించాయి. ఆ జాబితాలో ఉన్నవన్నీ శరీరం నుంచి తీసే వస్తువులేననీ, మాటలు రాబట్టే పరీక్షను వాటి పక్కన కూర్చోబెట్టలేమనీ సెల్వి తీర్పు తోసిపుచ్చింది. తర్వాత నేర ప్రక్రియా స్మృతి పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చి, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రాజ్యాంగంలోని 20(3) మాత్రం అక్షరం మారలేదు. 1978 నాటి 44వ సవరణ తర్వాత ఎమర్జెన్సీ విధించినా 20, 21 అధికరణాలను సస్పెండ్ చేయడానికి వీల్లేదు. దేశమే ప్రమాదంలో పడ్డప్పుడు కూడా తీసేయరానిదని పార్లమెంటు నిర్ణయించిన రక్షణను, ఒక దర్యాప్తు అధికారి తొందర కోసం ఎలా తీసేస్తాం?

మరికొందరిది మెత్తని వాదన. నార్కోలో చెప్పిందాన్ని సాక్ష్యంగా వాడవద్దు, ఆచూకీ కోసం మాత్రం వాడుకుందాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మన సాక్ష్య చట్టంలో ఒక తలుపు ఉంది, పాత చట్టంలో 27వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. కస్టడీలో నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట కోర్టులో చెల్లుతుంది. సూదితో రాబట్టిన మాట ఆ తలుపులోంచి దర్జాగా సాక్ష్యంగా లోపలికొస్తుంది. వస్తువు దొరికిందని రాసే మధ్యవర్తుల రిపోర్టులు ఎలా తయారవుతాయో ఈ ప్రాంతపు కోర్టుల్లో పనిచేసే వకీళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే బలవంతపు పరీక్ష ఇచ్చిన ఆచూకీతో దొరికిన సాక్ష్యానికి కూడా రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షకు మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా, ఆ మాటలు వాటంతటవే సాక్ష్యం కావు. దాని ఆధారంగా తర్వాత దొరికిన వస్తువు, సమాచారం మాత్రమే ఇప్పటి 23వ సెక్షన్ ప్రకారం పరిశీలనకు వస్తుంది.

నార్కో లేకపోతే లాఠీ వస్తుందనీ, లాఠీ కంటే సూది మేలనీ అనేవాళ్లున్నారు. వాళ్లు 2007 నాటి హైదరాబాద్‌ను గుర్తు తెచ్చుకోవాలి. మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. ఊరి బయట ఫాంహౌస్‌లలో పెట్టి కొట్టారనీ, కరెంటు షాకులిచ్చారనీ వాళ్లు చెప్పిన మాటల్లో నిజముందని రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. వాళ్లలో కొందరిని బెంగళూరు తీసుకెళ్లి నార్కో కూడా చేయించారు. లాఠీకి బదులుగా సూది రాలేదు, లాఠీ తర్వాత సూది వచ్చింది. వాళ్లపై పెట్టిన కేసులు నిలవలేదు. సీబీఐ దర్యాప్తు పూర్తిగా వేరే ముఠా వైపు తిరిగింది. 2012లో ప్రభుత్వమే ఆ యువకులకు పరిహారం చెల్లించింది. తర్వాత హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. ఆ రెండో ముఠా పేరుతో విచారణ ఎదుర్కొన్నవాళ్లూ 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా విడుదలయ్యారు. మసీదులో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కుటుంబాలకు ఈనాటికీ దోషి ఎవరో తెలియదు. తొలి నెలల్లో, జాడలు తాజాగా ఉన్నప్పుడు, దర్యాప్తు బలమంతా తప్పుడు మనుషుల నోళ్లు తెరిపించడానికే ఖర్చయింది.

ఉత్తరాదినా ఇదే కథ. 2008 నోయిడా బాలిక హత్య కేసులో ఇంటి పనివాళ్లకు నార్కో చేశారు, ఆ వీడియోలు టీవీల్లో వచ్చాయి, చివరికి వాళ్లపై చార్జిషీటే వేయలేదు. 2013లో తల్లిదండ్రులకు శిక్ష పడింది, 2017లో వాళ్లూ నిర్దోషులని అలహాబాద్ హైకోర్టు తేల్చింది. నిఠారీ పిల్లల హత్యల కేసులో 2007లో గాంధీనగర్‌లో నార్కో చేశారు. అంతా తేలిపోయిందని దేశమంతా నమ్మింది. 2023 అక్టోబరులో అదే హైకోర్టు పన్నెండు కేసుల్లో మరణశిక్షలు కొట్టేసి, దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఒప్పుకోలు చేతిలో ఉందన్న ధీమాతో మిగతా దారులు వెతకని దర్యాప్తుకు పట్టే గతి అది.

తప్పు చేయనివాడికి భయమెందుకన్నది అన్నిటికంటే జనాదరణ ఉన్న వాదన. దీనికి కృష్ణా తీరంలోనే జవాబుంది. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక బి.ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ని పట్టుకొచ్చి, ఇతనే హంతకుడు, నేరం ఒప్పుకున్నాడు అని పోలీసులు ప్రకటించారు. కస్టడీలో ఉండగానే అతనికి నరాల జబ్బు చేసి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు నిర్దోషిగా విడుదల చేస్తూ, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలనీ, దర్యాప్తు చేసిన అధికారులపై చర్య తీసుకోవాలనీ ఆదేశించింది. అప్పటికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. ఆ కేసులో పోలీసులు చూపించినది కూడా కస్టడీలో ఇచ్చిందన్న ఒప్పుకోలే. తప్పు చేయని ఆ కుర్రవాడికి భయపడాల్సిన కారణం లేదని ఎవరైనా ఇప్పుడు అనగలరా? బాధితుల పక్షాన మాట్లాడుతున్నామనుకునేవాళ్లు ఆ అమ్మాయి తల్లిదండ్రులను తలచుకోవాలి. మొదటి నుంచీ ఇతను దోషి కాడని చెబుతూ వచ్చింది వాళ్లే. కేసు సీబీఐకి వెళ్లాక, 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల కిందట పూడ్చిన బిడ్డ అవశేషాలను మళ్లీ తవ్వి తీస్తుంటే చూడాల్సి వచ్చింది కూడా వాళ్లే.

నోరు తెరిపించకుండా నేరం తేల్చలేమన్న నమ్మకానికి అద్దంకి నుంచి ఒంగోలు వెళ్లే దారిలో ఉన్న మద్దిపాడు సమాధానం చెబుతుంది. 2008లో జాతీయ రహదారి మీద ఒక ముఠా అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి, పూడ్చిపెట్టి, ఇనుము లోడు అమ్ముకుని, లారీలను ముక్కలు చేసి మాయం చేసేది. చూసిన సాక్షి లేడు. చనిపోయినవాళ్లు పరాయి రాష్ట్రాల వాళ్లు కాబట్టి ఊళ్లో ఎవరూ అడగలేదు. లారీ రాలేదు, సరుకు రాలేదు అన్న ఫిర్యాదుతో మొదలుపెట్టి, సరుకు ఎటు పోయింది, లారీలు ఎక్కడ విప్పారు అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లిన పోలీసులు పాతిపెట్టిన శవాలను వెలికితీశారు. 2021 మేలో ఒంగోలు కోర్టు పన్నెండుమందికి మరణశిక్ష విధించింది. మరణశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఈ కేసులో ఇనుముకూ, ఇంజను ముక్కకూ, ఎముకకూ మత్తుమందు అవసరం పడలేదన్నది ఇక్కడి విషయం. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని కొత్త సంహిత 176వ సెక్షన్ అంటోంది. ఆ నిపుణులు గంటల్లో రాగలుగుతున్నారా, నమూనాల నివేదికలు నెలల్లోపు వస్తున్నాయా అని నిలదీయాల్సిన టీవీ గొంతులు నార్కో నార్కో అని అరుస్తూ ఆ ప్రశ్నను పక్కకు నెట్టేస్తున్నాయి.

బాంబు పేలబోతోందంటే ఏం చేస్తారన్న ప్రశ్న ఒకటి మిగిలింది. గంటల వ్యవధిలో ప్రాణాలు కాపాడాల్సినప్పుడు, మత్తు డాక్టరునూ సైకాలజిస్టునూ పోగుచేసి గంటల పాటు చేసే, చేశాక కూడా నిజమో ఊహో తేలని పరీక్షను నమ్ముకోవడం కంటే ప్రమాదం ఇంకోటి ఉండదు. ప్రజాప్రయోజనం పేరుతో ఇలాంటి మినహాయింపు ఇవ్వలేమని సెల్వి తీర్పు స్పష్టం చేసింది. పెద్దల మీద మాత్రమే వాడదామన్న ఆశ కూడా నిలిచేది కాదు. డబ్బున్న నిందితుడికి మొదటి గంటలోనే వకీలు వస్తాడు, స్టే వస్తుంది. బల్ల మీద పడుకునేది ఎవరో ఊహించడం కష్టం కాదు: పత్తి తీతకు వచ్చిన వలస కూలీ, యార్డులో బస్తాలు మోసే హమాలీ, పాత కేసులు ఉన్నాయని ప్రతిసారీ స్టేషన్‌కు పిలిచే కులాల మనిషి.

అందుకే చివరికి వ్యవహారమంతా ‘సమ్మతి’ అనే కాగితం దగ్గరికి వచ్చి ఆగుతోంది. బలవంతం కుదరదని తెలిశాక ఇప్పుడు అందరూ ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నారు! పోలీస్ కస్టడీలో ఉన్నవాడి చేత ఎస్సై ముందు పెట్టించే వేలిముద్ర సమ్మతి కాదు. ఒప్పుకోకపోతే నేరం చేసినట్టేనని పేపర్లు రాస్తాయన్న భయంతో ఊపిన తలా సమ్మతి కాదు. సమ్మతి మేజిస్ట్రేటు ముందు నమోదు కావాలి, ఆ మనిషి వెంట వకీలు ఉండాలి, పరీక్ష వల్ల శరీరానికీ కేసుకూ ఏం జరుగుతుందో వివరించాలి, ఎన్నాళ్లుగా కస్టడీలో ఉన్నాడో, ఎలా ప్రశ్నించారో మేజిస్ట్రేటు పరిశీలించాలి అన్నవి సుప్రీంకోర్టు పెట్టిన షరతులు. 2025 జూన్ 9న అమలేశ్ కుమార్ కేసులో జస్టిస్ సంజయ్ కరోల్, జస్టిస్ ప్రసన్న బి. వరాలే ఈ గీతను మళ్లీ గట్టిగా గీశారు. బీహారులో ఒక బెయిలు విచారణలో, నిందితులందరికీ నార్కో చేస్తామని పోలీసు అధికారి చెప్పిన మాటను పాట్నా హైకోర్టు అంగీకరిస్తే, ఆ ఉత్తర్వును వాళ్లు కొట్టేశారు. నిందితుడే కోరుకున్నా నార్కో చేయించుకోవడం తిరుగులేని హక్కేమీ కాదన్నారు. పదిహేనేళ్ల నాటి తీర్పును ఒక హైకోర్టే పట్టించుకోలేదంటే, మండల స్థాయి స్టేషన్లలో దాని గతేమిటో ఆలోచించాలి.

మన పట్టణాల్లో వకీళ్లకు నా విన్నపం ఒక్కటే. నార్కో అనుమతి కోసం పిటిషన్ మీ కోర్టులో పడిన రోజున, వకాల్తా ఎవరిదైనా, సెల్వి తీర్పులోని షరతులు ఒక్కొక్కటీ మేజిస్ట్రేటు ముందు చదివి వినిపించండి. మీ ఇంటి మనిషినో, పొరుగువాణ్నో అలాంటి కాగితం మీద సంతకం పెట్టమంటే, వకీలు వచ్చేదాకా పెట్టవద్దని చెప్పండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలి. న్యాయసేవల సంస్థల ఉచిత ఫోన్ నంబరు 15100.